అయిదు నిమిషాల మాటకు ఎంత సన్నాహం?

మోపిదేవి, చల్లపల్లి, అవనిగడ్డ వైపు డిగ్రీలో చేరిన పిల్లలకు మొదటి ఏడాది పూర్తయ్యాక వేసవిలో ఒక పని పడుతుంది. దాన్ని కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అంటారు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి పెట్టిన పద్ధతి ప్రకారం 180 గంటలు ఏదో ఒక ఊళ్లోనో పేటలోనో తిరగాలి. ఇంటింటికీ వెళ్లి అడిగి, ఒక సమస్యను పట్టుకుని, లాగ్ బుక్ నింపి, నివేదిక రాయాలి. చివరికి అధ్యాపకుల ముందు నిలబడి తాము చూసిందేమిటో చెప్పాలి. వంద మార్కుల్లో నివేదికకు 25 ఉంటే, నోటితో చెప్పడానికీ 25 ఉన్నాయి. నివేదిక రాయడానికి నమూనాలున్నాయి, ఏ అధ్యాయం తర్వాత ఏది రావాలో ముందే అచ్చేసి ఇస్తారు. చెప్పడం దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘భయపడకుండా మాట్లాడు’ అన్న ధైర్యవచనంతో సరిపెడతారు. బడిలోనూ ఇదే వరస. ప్రాజెక్టు పని చేయించి, తరగతి ముందు చెప్పించి, మార్కులు వేస్తారు. ఎలా సిద్ధపడాలన్నది పాఠంగా ఎక్కడా ఉండదు. ఆ ఖాళీని మూడు సలహాలు నింపుతూ వచ్చాయి: బాగా బట్టీ పట్టు, స్లైడ్లు బాగా చేసుకో, ఆత్మవిశ్వాసంతో ఉండు. ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే అసలు పని ఈ మూడింటికీ ముందే జరగాలి. చిన్న ప్రసంగానికి సన్నాహమంటే ముప్పాతిక భాగం తీసెయ్యడం, మిగిలినదాన్ని కాగితం మీద కాకుండా గొంతుతో తయారు చేసుకోవడం. ఈ వ్యాసం వాదన అదే.

ముందు బట్టీ సంగతి. మన వక్తృత్వ పోటీల తీరు తెలిసిందే. ఆగస్టు 15 వస్తుంది, 29న గిడుగు పేరుతో తెలుగు భాషా దినోత్సవం వస్తుంది. మాస్టారో టీచరమ్మో రెండు పేజీలు రాసిస్తారు, పిల్ల ఇంటికి తీసుకుపోయి వారం రోజులు వల్లిస్తుంది. పోటీ రోజున ‘గౌరవనీయులైన సభాధ్యక్షులకు, న్యాయనిర్ణేతలకు, ఉపాధ్యాయులకు, తోటి విద్యార్థినీ విద్యార్థులకు’ అంటూ మొదలుపెట్టి ఆ వంశావళి పూర్తయ్యేసరికి అర నిమిషం గడిచిపోతుంది. అయిదు నిమిషాల్లో అర నిమిషమంటే పదో వంతు. దివిసీమలో నవంబరు 19 వస్తే ఉప్పెన మీద మాట్లాడిస్తారు. 1977లో పదివేల మంది ప్రాణాలు తీసిన ఆ రాత్రిని కళ్లారా చూసినవాళ్లు పక్క వీధిలోనే ఉంటారు. కాగితం మాత్రం ‘ప్రకృతి వైపరీత్యాలు అనేక రకాలు’ అని మొదలవుతుంది. రాసింది ఒకరు, మాట్లాడేది ఇంకొకరు. మధ్యలో ఒక్క వాక్యం జారిపోతే తర్వాతి వాక్యానికి దారి దొరకదు, ఎందుకంటే వాక్యానికీ వాక్యానికీ ఉన్న సంబంధం పిల్ల బుర్రలో ఎప్పుడూ ఏర్పడలేదు. అందుకే మరిచిపోయిన పిల్ల మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. జ్ఞాపకశక్తి చాలక జరిగేది కాదది, సన్నాహంలోనే ఉన్న లోటు.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది, అదీ గట్టిదే. మన సంప్రదాయమంతా ధారణ మీద నిలబడింది కదా, బందరు అవధానాలకు పెట్టింది పేరు కదా, బట్టీని తీసిపారేస్తే మిగిలేదేమిటి అంటారు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ బందరులో ఆయన దగ్గరే చదువుకున్నారు. కాబట్టి అవధానాన్ని సాక్ష్యంగా పిలవడం న్యాయమే, కాకపోతే సాక్షి చెప్పేది పూర్తిగా వినాలి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, నిషిద్ధాక్షరి అడిగేవారు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారి పనే ధ్యాస చెడగొట్టడం. అవధాని ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చొప్పున చెబుతూ, చుట్టు తిరిగి వచ్చి, చివర అన్ని పద్యాలనూ వరసగా అప్పజెబుతాడు. అక్కడ గుర్తుపెట్టుకున్నది ఏమిటి? ముందురోజు ఇంకొకరు రాసిచ్చింది కాదు. అప్పటికప్పుడు తాను కట్టుకున్నదాన్ని, ఛందస్సు అనే చట్రంలో కూర్చుకున్నదాన్ని గుర్తుపెట్టుకున్నాడు. యతి ఎక్కడ పడాలో, ప్రాస ఏ అక్షరమో తెలుసు గనుక పాదం తప్పిపోయినా వెతుక్కునే దారి ఉంటుంది. పైగా ఎదుటివాళ్లు ఎన్నిసార్లు అడ్డం వచ్చినా ఆ చట్రం చెదరదు. విద్యార్థికి కావలసినదీ సరిగ్గా ఇదే: తాను కట్టుకున్న చట్రం, అడ్డు వచ్చినా తట్టుకునే సన్నాహం. అవధానాన్ని బట్టీకి సాక్ష్యంగా పిలిస్తే ఆ సాక్షి అవతలి పక్షానికే ఉపయోగపడతాడు.

మొదలెలా పెట్టాలో తెలుసుకోవడానికి అమెరికా పుస్తకాలు తిరగేయనక్కర్లేదు, మొవ్వ దాటితే కూచిపూడి ఉంది. సిద్ధేంద్ర యోగి పేరు మీద వస్తున్న భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచి వస్తుంది. తెర మీదుగా జడ వేయడం పాత ఆచారం, చూసేవాళ్లకు అదొక సవాలు. ఆ తర్వాత ప్రవేశ దరువులో తానెవరో, తన గొప్పేమిటో తానే చెప్పుకుంటుంది. కథ సాగకముందే వచ్చిందెవరో, ఆమె పట్టుదల ఏపాటిదో చూసేవాళ్లకు అర్థమైపోతుంది. మిగతా ఆటంతా ఆ పట్టుదల ఏమవుతుందన్నదే. చిన్న ప్రసంగపు మొదటి రెండు వాక్యాలకు అప్పగించాల్సిన పని ఇదే. నేను దేని గురించి మాట్లాడుతున్నాను, అది మీకెందుకు పట్టాలి అన్న రెండూ అక్కడే తేలిపోవాలి. సభా మర్యాద వద్దని ఎవరూ అనరు. ‘అందరికీ నమస్కారం’ అన్న రెండు మాటల్లో మర్యాద పూర్తిగా ఇముడుతుంది.

ఒక నమూనా దగ్గరగా చూద్దాం. మోపిదేవి మండలంలో ఒక విద్యార్థిని ప్రాజెక్టు కోసం తాగునీటి మీద సర్వే చేసిందనుకుందాం. 40 ఇళ్లు తిరిగింది, వాటిలో 31 ఇళ్లవాళ్లు 20 లీటర్ల టిన్ను కొనుక్కుని తాగుతున్నట్టు తేలింది (అంకెలు ఉదాహరణకే). ఆమె రాసుకున్న మొదటి ప్రతి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. నీరు జీవులన్నిటికీ ప్రాణాధారమని మొదటి పేరా. భూమి మీద మూడు వంతులు నీరేనని, అందులో మంచినీరు కొంచెమేనని రెండో పేరా. కృష్ణానది మహాబలేశ్వరంలో పుట్టి, ఇంత దూరం ప్రవహించి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుందని మూడోది. ఆ తర్వాత సర్వే పద్ధతి, ప్రశ్నావళి, శాతాలు. గంట కొట్టేసరికి ఆమె ఇంకా ప్రశ్నావళి దగ్గరే ఉంటుంది. టిన్నుల సంగతి ‘సమయాభావం వల్ల’ అన్న మాట వెనక్కి వెళ్లిపోతుంది. ఈ ప్రతిలో ఒక్క అబద్ధమూ లేదు. ఆమె మాత్రమే చెప్పగలిగినది కూడా ఒక్కటీ లేదు. నీరు ప్రాణాధారమన్న సంగతి వినేవాళ్లకు తెలుసు. 40 ఇళ్ల గడప తొక్కింది ఆమె ఒక్కతే.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూడండి. ‘మా ఊరికి కాలవ ఉంది. అయినా నేను అడిగిన 40 ఇళ్లలో 31 ఇళ్లవాళ్లు తాగే నీళ్లు కొనుక్కుంటున్నారు. ఎందుకో చెబుతాను.’ పది సెకన్లలో ప్రసంగం మొదలైపోయింది. తర్వాత కారణాలు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి కాబట్టి తాగునీటికి కాలవ మీద, కాలవతో నింపుకునే చెరువు మీద ఆధారపడాలి. కాలవ కట్టేసిన నెలల్లో చెరువే దిక్కు. ఆ చెరువు నీటిని జనం నమ్ముతున్నారా, నమ్మకపోతే రంగు వల్లనా, వాసన వల్లనా, ఎవరికో జబ్బు చేసిందన్న మాట వల్లనా అన్నది ఆమె సర్వేలో తేలిన విషయం. ఇక్కడ ఒక ఇంటి లెక్క చెప్పాలి. నెలకు ఎన్ని టిన్నులు, ఎంత ఖర్చు, కూలికి వెళ్లే ఇంట్లో అది ఎన్ని రోజుల కూలి. చివరగా ఒకే ఒక్క సూచన, అదీ పంచాయతీ చేయగలిగినంతది. మహాబలేశ్వరం పోయింది, భూగోళం పోయింది, ప్రశ్నావళి ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. ఎవరైనా అడిగితే చెప్పడానికి అవన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. తీసేసిన సరుకు వృథా పోదు, ప్రశ్నల వేళకు అక్కరకొస్తుంది.

ఇంత కోత ఎందుకో వినేవాడి వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ ఒక చిన్న ప్రయోగం చేసింది. అందరికీ తెలిసిన పాటల వరసలను బల్ల మీద వేళ్లతో కొట్టించి, అవతలివాళ్లను పోల్చుకోమంది. కొట్టినవాళ్లు సగమైనా పోలుస్తారనుకున్నారు. 120 పాటల్లో పోల్చింది మూడే. కొట్టేవాడి చెవుల్లో పాట మోగుతూనే ఉంటుంది, వినేవాడికి బల్ల చప్పుడే. వారం రోజులు ఒక అంశంతో గడిపిన విద్యార్థి పరిస్థితీ ఇదే. తనకు స్పష్టంగా ఉన్నది ఎదుటివాళ్లకూ స్పష్టంగా ఉంటుందన్న భ్రమ తయారీలోనే పట్టుకుంటుంది. దీనికి తోడు, ఒకేసారి మనసులో నిలుపుకోగలిగే కొత్త సంగతులు సుమారు నాలుగేనని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో చేసిన సమీక్ష చెబుతుంది. చదివేవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోగలడు. వినేవాడికి ఆ వీలు లేదు. అయిదు నిమిషాల్లో పన్నెండు అంశాలు చెప్పినవాడు పన్నెండూ చెప్పాననుకుంటాడు, విన్నవాడికి ఒకటో రెండో, అవీ ఏవి పడితే అవి మిగులుతాయి. ఏది మిగలాలో ఎంచుకునే హక్కు మాట్లాడేవాడిది. కొయ్యడం మానేస్తే ఆ హక్కును వదులుకున్నట్టే.

క్లుప్తంగా చెబితే లోతు పోతుందన్నది ఇంకో అభ్యంతరం. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ విద్యార్థులకు మూడు నిమిషాల పోటీ పెట్టింది. ఏళ్ల తరబడి చేసిన పరిశోధనను కదలని ఒకే ఒక్క స్లైడుతో మూడు నిమిషాల్లో, ఆ రంగం తెలియనివాళ్లకు చెప్పాలి. అది ఎన్నో దేశాలకు పాకింది. అక్కడ లోతు పోతోందా అంటే కొంత పోతోందనే ఒప్పుకోవాలి. సందేహాలు, మినహాయింపులు మూడు నిమిషాల్లో పట్టవు, అన్నీ తేలిపోయినట్టు మాట్లాడే అలవాటూ పడుతుంది. ఈ ప్రమాదానికి విరుగుడు ఒకటుంది. తన సర్వేకున్న హద్దును మాట్లాడేవాడే ఒక వాక్యంలో చెప్పాలి. ‘ఇది 40 ఇళ్ల లెక్క, మండలం మొత్తానికి వర్తిస్తుందని నేననను.’ ఆ ఒక్క వాక్యం ఉన్నప్పుడు క్లుప్తత నిజాయితీని చెడగొట్టదు. ఇక చిన్నగా చెప్పడానికి తక్కువ తెలిస్తే చాలనుకోవడం అచ్చమైన పొరపాటు. ఏది వదిలెయ్యొచ్చో తెలియాలంటే అంతా తెలిసుండాలి.

గొంతుతో తయారవడం రెండో సగం. మనవాళ్లు సాధారణంగా పూర్తి ప్రసంగం రాసి, పదేపదే చదువుకుంటారు. చదివినకొద్దీ వచ్చేసినట్టే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పిక్ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థులు ఒక పాఠాన్ని చదివారు. ఒక గుంపు మళ్లీ చదివింది, ఇంకో గుంపు పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే వాళ్లకు 42 శాతం గుర్తుంటే, పుస్తకం మూసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. దీన్ని ప్రసంగానికి అన్వయిస్తే సన్నాహం తలకిందులవుతుంది. ముందు నాలుగు ముక్కలు ఒక చీటీ మీద రాసుకోవాలి, వాక్యాలు కాదు, గుర్తులు చాలు. చీటీ బోర్లించి పైకి మాట్లాడాలి, ఫోనులో రికార్డు చేయాలి. ఆగిపోయిన చోటు దగ్గర ఎందుకు ఆగిందో చూసుకుంటే సాధారణంగా అక్కడ రెండు విషయాల మధ్య లంకె ఉండదు. ఆ లంకె వేసుకుని మళ్లీ మాట్లాడాలి. ప్రతిసారీ మాటలు కొంచెం మారతాయి, మారనివ్వాలి. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం, అంకెలు, ఈ మూడింటినీ మాత్రం పొల్లుపోకుండా నోటికి పట్టించుకోవాలి. బట్టీకి ఇవ్వాల్సిన చోటు అంతే, ఆ చోటు దానికి ఇవ్వాల్సిందే. రికార్డు విన్నప్పుడు ఇంకోటి బయటపడుతుంది. కాగితం మీద గంభీరంగా ఉన్న ‘పరిశీలించబడినది’, ‘గమనించడం జరిగింది’ లాంటివి నోట్లో పడితే రాళ్లు. ‘చూశాను’ అంటే సరిపోయేది. వ్యవధి లెక్కా గొంతుతోనే తేలాలి. నిమిషానికి 130, 150 మాటలన్న ఇంగ్లీషు లెక్క మనకు పనికిరాదు, తెలుగులో ఒక్కో మాట కొన్నిసార్లు నాలుగు ఇంగ్లీషు మాటల బరువు మోస్తుంది. గడియారం పెట్టుకుని నాలుగున్నర నిమిషాలకు ముగిసేలా చూసుకోవడం ఒక్కటే దారి. ఆ అర నిమిషం ఎటూ తత్తరపాటు తినేస్తుంది. వినిపించడానికి క్లాసు మిత్రుడి కంటే పక్కింటి పిన్నిగారు మేలు. ఆవిడకు అర్థం కానిది అధ్యాపకులకు అర్థమైనట్టు కనిపించినా, వాళ్లు నటిస్తున్నారేమోనని అనుమానించాలి.

స్లైడ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెర మీద ఉన్న వాక్యాలనే పైకి చదివితే వినేవాడు చదవలేక వినలేక రెంటికీ చెడతాడని రిచర్డ్ మేయర్ వంటివారి ప్రయోగాలు చాలాకాలంగా చెబుతున్నాయి. చెరువు ఫోటో ఒకటి, అంకెల బొమ్మ ఒకటి ఉంటే అయిదు నిమిషాలకు పుష్కలం. కరెంటు పోయినా మాట్లాడగలిగేలా ఉండాలన్నది మన కాలేజీలకు సరిపడే పరీక్ష.

భయం మాట కొట్టిపారేసేది కాదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లకు అధ్యాపకుల వరస ఎదుట నిలబడటమంటే గుండె దడే. బట్టీ ఆమెకు ఊతకర్ర, దాన్ని లాక్కోవడం క్రూరత్వమని వాదించేవాళ్ల మాటలో జాలి ఉంది, నిజమూ ఉంది. కానీ ఆ కర్ర సరిగ్గా అవసరమైన క్షణంలోనే విరుగుతుంది. ఈ విషయంలో కెన్నెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో చూపించినది ధైర్యవచనాలకంటే పనికొచ్చేది. మాట్లాడేవాళ్లు తమ కంగారు ఎదుటివాళ్లకు ఎంతగా కనిపిస్తోందనుకుంటారో అంతగా అది కనిపించదు. ఎవరికి ఈ సంగతి ముందే చెప్పారో వాళ్లు మెరుగ్గా మాట్లాడారు, విన్నవాళ్లూ అదే అన్నారు. అంటే భయం పోనక్కర్లేదు, అది బయటికి కనిపించడం లేదని తెలిస్తే చాలు. ‘భయపడకు’ అనే అధ్యాపకుడు ‘నీ చేతుల వణుకు నాకు మూడో బెంచీ నుంచి కనపడదు’ అంటే ఎక్కువ మేలు చేసినవాడవుతాడు. ఊతకర్రే కావాలంటే ఆ చీటీ ఉంది. చీటీ చూసుకోవడం తప్పుగా లెక్కకట్టే అలవాటు మన పోటీల నుంచి పోవాలి.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం భాష దగ్గర వస్తుంది. సర్వే తెలుగులో జరుగుతుంది, చెప్పడం చాలా చోట్ల ఇంగ్లీషులో జరగాలి. ఇంగ్లీషులో అప్పటికప్పుడు వాక్యం కట్టుకోలేనివాడికి బట్టీ తప్ప గతి ఏముంది? దీన్ని తేలిగ్గా తోసెయ్యలేం. రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాలను కొన్నేళ్లుగా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండేలా అచ్చేస్తున్నారు. ప్రసంగానికీ అదే పద్ధతి పనికొస్తుంది. చట్రం తెలుగులో కట్టుకోవాలి, పైకి తెలుగులో రెండుసార్లు మాట్లాడాలి. ఏం చెప్పాలో ఆ భాషలో తేలిపోయాక ఇంగ్లీషులోకి దింపాలి. అప్పుడు వాక్యాలు పొట్టిగా వస్తాయి, వ్యాకరణం కాస్త తప్పినా విషయం నిలుస్తుంది. గూగుల్‌లోనో, ఇప్పుడైతే చాట్‌జీపీటీలోనో దొరికిన నున్నని ఇంగ్లీషు పేరాను వల్లించినవాడు మొదటి ప్రశ్నకే మూగబోతాడు. ఇక ఊరి సంగతిని ఊరి భాషలో చెప్పనివ్వకపోవడం ఎందుకన్నది కాలేజీలు వేసుకోవాల్సిన ప్రశ్న. పరీక్షించేది ఇంగ్లీషునా, 180 గంటల పనినా?

చివరికి మూల్యాంకనం దగ్గరికే రావాలి, ఎందుకంటే పిల్లలు మార్కు ఎటుంటే అటు సిద్ధపడతారు, అందులో వాళ్ల తప్పు లేదు. ఒక్క పూటలో అరవై మందిని వినాల్సిన అధ్యాపకులు ఖంగుమనే గొంతుకు, ఆగకుండా పారే ధారకు మార్కు వేస్తే ఆశ్చర్యం ఏముంది? అలసిన చెవికి అదే తేలిక. అలా వేసినంతకాలం పైన చెప్పిన సన్నాహమంతా తెలివితక్కువ పెట్టుబడిలాగే కనిపిస్తుంది. మార్పుకు పెద్ద సంస్కరణలేమీ అక్కర్లేదు. ఆ 25 మార్కుల్లో 10 ప్రశ్నలకు పక్కన పెడితే చాలు. మూడు నిమిషాలు చెప్పనిచ్చి రెండు నిమిషాలు అడగాలి, అడిగేది కూడా పుస్తకంలోది కాకూడదు. ‘టిన్ను కొనని ఆ తొమ్మిది ఇళ్లవాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారమ్మా?’ అని అడగాలి. తిరిగిన పిల్ల దగ్గర దానికి జవాబు ఉంటుంది, తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా, తడబడుతూనైనా. తిరగని పిల్ల దగ్గర ఎంత చక్కటి బట్టీ ఉన్నా ఉండదు. ఈ ఒక్క ప్రశ్న ముందే ఉంటుందని తెలిస్తే, వేసవిలో గడప గడపా ఎక్కేటప్పుడే ఆమె నోట్‌బుక్‌లో రాసుకునేది మారిపోతుంది.